పట్టికలో ఖాళీ గడి

జామై ఉస్మానియా స్టేషన్ మెట్లు దిగంగనే
ఎడమ చేతికి నా డీటీపీ షాపు.
పేజీకి పన్నెండు రూపాయలు, పట్టికలుంటే పదిహేను.
సెనామి తెచ్చిన కట్టల అన్నీ పట్టికలే.

నైరా ఒక దిక్కు, సీఫా ఫ్రాంకు ఒక దిక్కు,
నడుమ నలభై నాలుగేండ్లు.
మొదటి వరుస కొట్టిన: పంతొమ్మిది వందల ఎనభై,
ఒక నైరాకు మూడు వందల ఎనభై చిల్లర ఫ్రాంకులు.
ఆఖరి వరుసకు వచ్చేసరికి
సున్నా, చుక్క, నాలుగు.
"చుక్క తప్పు పడ్డట్టుంది బిడ్డా" అన్న.
ఆమె చాయ్ ఊదుకుంటా
"చుక్క మంచిగనే ఉందన్నా,
తప్పంతా మిగిలిన దాంట్లనే" అన్నది.

పెండ్లి పత్రికలు కొట్టిన చేతులు నావి,
రాళ్ల మీద, రొయ్యల మీద పీహెచ్‌డీలు కొట్టిన చేతులు.
ఏ అంకె ఏం చెప్తుందో పట్టించుకోను.
కానీ ఇవి మెట్లు దిగే అంకెలు కావు.
మోండా మార్కెట్ల తట్ట జారితే
టమాటలు దొర్లినట్టు దొర్లినయి,
కొన్ని బండ్ల కింద.

వాళ్లమ్మది కొటోనూల బట్టల బేరం.
తెల్లారకముందే లాగోస్ పోయి థాన్లు తెచ్చేదట.
సరిహద్దు కాడ చెక్కబల్లల మీద
రెండు దేశాల నోట్లు, గాలికి పోకుండ రాళ్లు.
ఒక జనవరిల ఫ్రాంకును సగం చేసిన్రు.
పొద్దున సంచి ఇప్పితే నోట్లు అన్నే ఉన్నయి,
రంగు అదే, వాసన అదే.
అయినా ఆమె రెండుసార్లు లెక్కపెట్టుకున్నదట
దొంగలు పడ్డ ఇల్లు చూసుకున్నట్టు.

నాయనమ్మ యాదికొచ్చింది.
ఆర్ట్స్ కాలేజీ కట్టేటప్పుడు సున్నం తట్టలు మోసింది,
కూలి హాలీ సిక్కాలల్ల.
బెజవాడ రైలెక్కాలంటే కల్దారు కావాలె.
ఏడు హాలీలకు ఆరు కల్దార్లు,
సాహుకారు నడుమ కూసుంటే ఐదున్నర.
నాకు ఎక్కాలు రాకముందు ఈ లెక్క వచ్చింది.
హాలీ చెల్లదన్న నాటికి ఆమె కాడ పదకొండు ఉండెనట.
మార్చుకునే గడువు ఏ నెలనో ఎవరు చెప్తరు?
కంసాలి కాడ కరిగిస్తే
మా మేనత్త కాళ్లకు కడియాలైనయి.
"రేటు సచ్చింది గని వెండి సావలే" అనేది.

సెనామి పట్టికల రెండు నిలువు గీతలు:
సర్కారు రేటు, బజారు రేటు.
బజారు వైపు ఒక్క గడి ఖాళీ, తొంభై మూడు.
ఏ బ్యాంకు పుస్తకంలనూ లేదు.
నా షాపుల నిలబడే ఫోను కలిపింది,
స్పీకర్ల వాళ్లమ్మ గొంతు, వెనుక కోళ్లు, కుండపోత వాన.
వాళ్ల భాష నాకు రాదు.
కానీ గుర్తు తెచ్చుకునే గొంతు తెలుస్తది,
నాయనమ్మ గూడ అట్లనే
నడుమ నడుమ ఆగి, పండ్ల సందున గాలి పీల్చేది.

"ఏడు" అన్నది సెనామి ఫోను పెట్టి.
"సోమవారం పోతే ఎనిమిది.
ఆ ఏడు నీలం పూల థాను కొన్నదట, ఆ ధరను బట్టి చెప్తున్నది."
ఏడు కొట్టిన.
కింద సన్నక్షరాలల్ల: ఆధారం, మా అమ్మ, ఫోనులో.

నాలుగొద్దులకు కాయితం తిరిగొచ్చింది.
సారు ఎర్రపెన్నుతోని ఏడును కొట్టేసిండు,
అమ్మను గూడ.
"గీత పెట్టు అన్నా" అన్నది సెనామి.
బ్యాగుల చిల్లర ఎతుక్కుంటా, నా దిక్కు సూడకుండ.

గీత పెట్టిన.
ముప్పై పేజీలు తీసిచ్చిన, పైసలు తీసుకున్న,
ఐదు రూపాయలు తక్కువైతే పోనీ అన్న.

ఫైలు ఇంకా నా కంప్యూటర్ల ఉన్నది.
గీత పక్కన ఏడును చెరపలే,
తెల్లరంగు ఏసిన, అంతే.
తెల్ల కాయితం మీద తెల్ల ఏడు.
మౌసు పట్టి ఆ గడి మీద గుంజితే
నీలం పట్టీల లేస్తది.